స్టేజీకా, స్టూడియోకా? సింథసైజర్ ఎంచుకునే పద్ధతి

"ఏ మోడల్ కొనమంటారు?" అని అడిగేవాళ్లకు వెంటనే మోడల్ పేరు చెప్పడం సరికాదు. ఆ కీబోర్డు ఎక్కడ ఎక్కువసేపు ఆన్‌లో ఉండబోతోందో ముందు తేలాలి. వేదిక మీదైతే ఒక లెక్క. గదిలో కంప్యూటర్ పక్కనైతే ఇంకో లెక్క. రెండుచోట్లా మోగేది అదే పియానో, అవే స్ట్రింగ్స్ కావచ్చు. వాయించే మనిషికి ఎదురయ్యే ఇబ్బందులు మాత్రం వేరు.

స్టేజీ మీద రెండు పాటల మధ్య దొరికే కొద్ది సెకన్లలోనే కావలసిన సౌండ్ చేతి కిందికి రావాలి, కార్యక్రమం అయ్యేదాకా నమ్మకంగా మోగాలి. స్టూడియోలో తొందరుండదు. సౌండ్‌ను ఎంత లోతుగా మలచుకోగలం, రెండు నెలల తర్వాత అదే ప్రాజెక్టు తెరిస్తే అది అచ్చం అలాగే పలుకుతుందా అన్నవి అక్కడి ప్రశ్నలు. కంపెనీ ఇచ్చే స్పెసిఫికేషన్ల పట్టికలో వీటికి నేరుగా సమాధానం దొరకదు. మీరే రాబట్టుకోవాలి. అందుకు పనికొచ్చే క్రమం ఇది.

## 1. కొనే ముందు కాగితం, పెన్ను

ఇంటర్నెట్‌లో డెమోలు చూడటం మొదలుపెట్టక ముందే ఈ పని ముగించండి. డెమోలు చూశాక రాస్తే మన అవసరాల స్థానంలో వాళ్ల ఫీచర్లు వచ్చి కూర్చుంటాయి.

స్టేజీ కోసమైతే మీరు వాయిస్తున్న, లేదా వాయించబోయే పాటల జాబితా తీయండి. ఒక్కో పాటకు ఎదురుగా మూడు సంగతులు రాయండి. ఒకేసారి ఎన్ని సౌండ్లు కావాలి? పాట మధ్యలో సౌండ్ మారాలా? ఎడమ చేతికి, కుడి చేతికి ఎన్ని ఆక్టేవ్‌లు (పన్నెండేసి కీల వరుసలు) కావాలి? ఉదాహరణకు ఒక పాటలో ఎడమ చేతికి స్ట్రింగ్స్, కుడి చేతికి పియానో, చరణం ముందు బిట్‌లో ఫ్లూట్ ఉన్నాయనుకోండి. అంటే మీకు ఒక స్ప్లిట్ (కీబోర్డును రెండుగా విడదీసి ఒక్కో వైపు ఒక్కో సౌండ్ పెట్టడం), పాట మధ్యలో ఒక మార్పు, కనీసం అయిదు ఆక్టేవ్‌లు కావాలి. ఇలా పది పాటలు రాసేసరికి మీకు కావలసిన యంత్రం ఎలాంటిదో సగం తేలిపోతుంది.

స్టూడియో కోసమైతే ఈమధ్య చేసిన ప్రాజెక్టులు తెరిచి చూడండి. ఏ సౌండ్లు సాఫ్ట్‌వేర్ నుంచి హాయిగా వచ్చాయి? దేనికోసం గంటలు వెతికి చివరికి రాజీపడ్డారు? మీ కొత్త సింథ్ ఆ రాజీపడ్డ చోటును పూరించాలి. మంచి పియానో సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్నవాళ్లు పియానో సౌండ్ బాగుందని ఒక హార్డ్‌వేర్ సింథ్ కొనడంలో అర్థం లేదు.

కాగితం మీద ఇవి కూడా ఉండాలి:

- మోసుకెళ్లేది ఎవరు, ఎలా? ఒంటరిగా మెట్లెక్కాలా, బండిలో తీసుకెళ్తారా?
- ఇప్పుడున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (సౌండ్‌ను కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకు) ఖాళీ ఇన్‌పుట్లు ఎన్ని?
- స్టేజీ మీద ఇంకో కీబోర్డు వాయించేవాళ్లు ఉన్నారా?
- స్టాండు, బ్యాగు లేదా కేసు, సస్టెయిన్ పెడల్ (నోటును నిలిపి ఉంచే కాలి పెడల్), కేబుళ్లు, డీఐ బాక్స్‌ల (కీబోర్డు సిగ్నల్‌ను పొడవు కేబుల్‌కు తగినట్టు మార్చే పెట్టెల) కోసం పక్కన పెట్టిన మొత్తం ఎంత?

ఆ చివరి వరస చాలామంది మర్చిపోతారు. ఉన్నదంతా కీబోర్డు మీద పెట్టేసి, ఊగిపోయే స్టాండు మీద దాన్ని నిలబెడతారు.

## 2. ఒక్కటే కొనగలిగితే

రెండుచోట్లా పని ఉంది, డబ్బు ఒక్కదానికే ఉంది అన్నవాళ్లకు నా ఓటు స్టేజీ వాద్యానికే. స్టూడియోలో సౌండ్ తక్కువైతే సాఫ్ట్‌వేర్‌తో నింపుకోవచ్చు. స్టేజీ కీబోర్డును మిడి కంట్రోలర్‌గా (సౌండ్ కాకుండా ఏ కీ ఎంత బలంగా నొక్కామన్న సమాచారాన్ని, అంటే మిడిని, కంప్యూటర్‌కు పంపేదిగా) వాడుకుంటూ పని నడిపించవచ్చు. వేదిక మీద మాత్రం ప్రోగ్రాం (సేవ్ చేసి పెట్టుకున్న సౌండ్) మార్చగానే సౌండ్ తెగిపోతే అప్పటికప్పుడు దేనితోనూ పూడ్చలేం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ పనంతా సౌండ్ డిజైన్ అయితే, అంటే సినిమా నేపథ్య సంగీతం, ఎలక్ట్రానిక్ సంగీతం లాంటివి చేస్తూ ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వేదిక ఎక్కేవాళ్లయితే, స్టూడియో సింథ్ కొనుక్కుని కార్యక్రమం రోజున స్టేజీ కీబోర్డు అద్దెకు తెచ్చుకోవడం మేలు.

## 3. కీలు: ముందు చేతికి, తర్వాత చెవికి

సౌండ్లు తర్వాత మార్చుకోవచ్చు, కీబెడ్‌ను (కీల అమరికను) మార్చుకోలేం. అందుకే మోడల్‌ను వడకట్టడం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

హ్యామర్ యాక్షన్. అసలు పియానోలా బరువుగా ఉంటుంది, ఎక్కువగా 88 కీలతో వస్తుంది. పియానో నేర్చుకున్న చేతులకు ఇదే కావాలి. ఆర్గాన్ గ్లిసాండోలు (కీల మీద వేలు జార్చుతూ వాయించడం), వేగంగా సాగే సింథ్ లీడ్‌లు (ప్రధాన మెలడీలు) దీనిమీద కష్టం. రెండు గంటల కార్యక్రమంలో అలసట కూడా తెలుస్తుంది.

సెమీ వెయిటెడ్. స్ప్రింగుకు తోడు కొద్దిగా బరువు. మధ్యే మార్గం. నాలుగు రకాల సౌండ్లు కలిపి వాయించే బ్యాండ్ మనిషికి చాలాసార్లు ఇదే సరిపోతుంది.

సింథ్ యాక్షన్. తేలిక, వేగం. లీడ్, బ్రాస్, ఆర్గాన్, పర్కషన్ ప్యాచ్‌లకు (సిద్ధం చేసి పెట్టిన సౌండ్లకు) బాగుంటుంది. పియానోలో మెల్లగా వాయించే చోట పట్టు తక్కువ.

బరువు తేడా ఎంతంటే, యమహా మోడ్‌ఎక్స్ శ్రేణిలో ఒకే సౌండ్ ఇంజన్ ఉన్నా 61 కీల మోడ్‌ఎక్స్6 బరువు 6.6 కిలోలు, 88 హ్యామర్ కీల మోడ్‌ఎక్స్8 బరువు 13.8 కిలోలు. అదే కంపెనీ పెద్దన్న మాంటేజ్8 దాదాపు 29 కిలోలు. ఒక్కరే ఎత్తి కారు డిక్కీలో పెట్టాల్సినవాళ్లు ఈ అంకెల దగ్గర ఆగి ఆలోచించాలి. వంద సౌండ్లు ఎక్కువున్నాయని తెచ్చుకున్న కీబోర్డు, నడుము నొప్పి వల్ల ఇంట్లోనే ఉండిపోతుంది.

ఎన్ని కీలన్నది మీ జాబితాయే చెబుతుంది. స్ప్లిట్‌లు ఎక్కువుంటే 61 ఇరుకు. ఎడమ చేతికి రెండు ఆక్టేవ్‌లు ఇచ్చేశాక కుడి చేతికి మూడే మిగులుతాయి. 73 లేదా 76 కీలవి స్టేజీకి చక్కని రాజీ. స్టూడియోలో మీరు ఒక్కో భాగం విడివిడిగా రికార్డు చేస్తారు కాబట్టి 49, ఇంకా 37 కీలు కూడా చాలు. కోర్గ్ మినీలాగ్‌లో ఉన్నవి 37 సన్న కీలే. స్టూడియోలో దానివల్ల ఎవరికీ పని ఆగలేదు. స్టేజీ మీద రెండు చేతుల భాగం దానితో వాయించాలంటే మాత్రం కుదరదు.

ఆఫ్టర్‌టచ్ గురించి ఒక్క మాట. కీ నొక్కాక ఇంకా లోపలికి ఒత్తితే వైబ్రేటో, ఫిల్టర్ లాంటివి కదిలించే సదుపాయం ఇది. స్టూడియోలో, లీడ్ వాయించేవాళ్లకు దీని విలువ ఎక్కువ. పియానో, ఆర్గాన్, కార్డులే (కలిపి మోగించే స్వరాలే) ఎక్కువగా వాయించేవాళ్లు దీనికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు.

## 4. పాలీఫనీ: అంకె చూసి కాదు, లెక్కవేసి

పాలీఫనీ అంటే ఒకేసారి మోగగల వాయిస్‌ల సంఖ్య. నోట్ల సంఖ్య కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.

స్టీరియో పియానో ఒక్కో నోటుకు రెండు వాయిస్‌లు తింటుంది. దానిమీద నాలుగు పొరలున్న ప్యాడ్ (వెనక నిలిచి మోగే మెత్తని సౌండ్) కలిపితే నోటుకు ఆరు. ఎడమ చేతిలో రెండు, కుడి చేతిలో నాలుగు నోట్లు పట్టుకుంటే 36. సస్టెయిన్ పెడల్ ఎత్తకుండా నాలుగు కార్డులు మారిస్తే 144. అంటే 128 అని గొప్పగా రాసుకున్న కీబోర్డులో కూడా మొదటి కార్డు నోట్లు ఎగిరిపోతాయి.

విరుగుడు కొత్త కీబోర్డు కాదు. లేయర్‌లోని (ఒకదానిమీద ఒకటి కలిపిన సౌండ్లలోని) ప్యాడ్‌కు సస్టెయిన్ పెడల్ పనిచేయకుండా ఆపండి. పియానో సౌండ్ దానంతటదే తగ్గిపోతుంది, ప్యాడ్ తగ్గదు, వాయిస్‌లన్నీ అదే పట్టుకుని కూర్చుంటుంది. భాగాలవారీగా పెడల్‌ను ఆపే వీలు ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

స్టూడియో సింథ్‌లకు ఈ లెక్క వర్తించదు. ఎనలాగ్ సింథ్‌లో (ఎలక్ట్రానిక్ సర్క్యూట్లే సౌండ్ పుట్టించేదానిలో) నాలుగు, ఆరు, ఎనిమిది వాయిస్‌లు ఉండటం మామూలే. బాస్, లీడ్ కోసమైతే ఒక్క వాయిస్ ఉన్నది కూడా చాలు. మిగతాది మళ్లీ రికార్డు చేసి చేర్చుకోవచ్చు.

## 5. స్టేజీ కోసం: ఈ వరసలో చూడండి

మొదట, సౌండ్ మారేటప్పుడు తెగుతుందా? ఒక ప్యాడ్ పట్టుకుని, వేళ్లు కీల మీదే ఉంచి, ఇంకో ప్రోగ్రాంకు మార్చండి. పాత సౌండ్ సహజంగా తగ్గుతూ కొత్తది అందుకోవాలి. కొన్నింటిలో టక్కున ఆగిపోతుంది, లేదా రివర్బ్ (ప్రతిధ్వని) తోక తెగుతుంది. కంపెనీలు దీన్ని రకరకాల పేర్లతో ప్రచారం చేస్తాయి. కొన్నింటిలో ఇన్ని భాగాలు దాటితే ఈ సదుపాయం పనిచేయదన్న పరిమితి కూడా ఉంటుంది. మీ జాబితాలో అన్నిటికంటే బరువైన పాటతో పరీక్షిస్తేనే నిజం తెలుస్తుంది.

తర్వాత, పాటల వరుస. సౌండ్లను కంపెనీ పెట్టిన వరుసలో కాకుండా మీ పాటల వరుసలో అమర్చుకునే పేజీ ఉండాలి. ఒక్క బటన్‌తో, కుదిరితే కాలి స్విచ్‌తో తర్వాతి సౌండ్‌కు వెళ్లగలగాలి. చివరి నిమిషంలో పాటల క్రమం మారితే ఆ వరుసను అరనిమిషంలో సర్దగలగాలి. అది మారకుండా ఉన్న కార్యక్రమం అరుదు.

చేతికందే నాబ్‌లు. పాట మధ్యలో మీరు నిజంగా ముట్టుకునేవి కొన్నే: ఒక్కో లేయర్ వాల్యూమ్, ఫిల్టర్, రివర్బ్, ఆక్టేవ్ బటన్లు. వీటిలో ఏదైనా మెనూ లోపల దాక్కుని ఉంటే ఆ కీబోర్డు స్టేజీది కాదు. నార్డ్ స్టేజ్ శ్రేణికి వేదిక మీద అంత ఆదరణ రావడానికి ముఖ్య కారణం ఇదే: కావలసినవన్నీ ప్యానెల్ పైనే ఉంటాయి. అదే నార్డ్ స్టేజ్ 3లో యూఎస్‌బీ ద్వారా మిడి మాత్రమే వెళ్తుంది, ఆడియో వెళ్లదు. స్టూడియో మనిషికి అది లోటు. స్టేజీ మనిషి దాన్ని గమనించను కూడా గమనించడు.

స్క్రీన్. నిలబడి పైనుంచి చూడండి. ఎండ పడేలా పెట్టి చూడండి. చీకట్లో కూడా చూడండి. షాపులో ట్యూబులైటు కింద ఏ స్క్రీన్ అయినా బాగానే ఉంటుంది.

ఆన్ అవడానికి ఎంతసేపు? కార్యక్రమం మధ్యలో కరెంటు పోయి వస్తే ఎన్ని సెకన్లలో మళ్లీ మోగుతుందో ఫోన్‌లో కొలవండి. పెద్ద శాంపిల్ లైబ్రరీలు (రికార్డు చేసిన సౌండ్ల నిల్వలు) లోడు చేసుకునే వర్క్‌స్టేషన్లకు (అన్ని రకాల సౌండ్లూ ఉన్న పెద్ద కీబోర్డులకు) నిమిషాలు పట్టవచ్చు. పవర్ రాగానే ఏ సౌండ్ దగ్గర తెరుచుకుంటుందో కూడా సెట్ చేసుకునే వీలుందా చూడండి.

పవర్. కేబుల్ నేరుగా కీబోర్డులోకి వెళ్లేది స్టేజీకి మేలు. బయటి అడాప్టర్ ఉన్నదైతే దాని పిన్ వదులుగా ఉందేమో కదిపి చూడండి, రెండో అడాప్టర్ కొనడం తప్పనిసరి అనుకోండి. రోలాండ్ జూనో డీఎస్61 లాంటివి ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తాయి. బయటి కార్యక్రమాలు ఎక్కువగా చేసేవాళ్లకు అది పెద్ద ధైర్యం.

ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని స్టేజీ మీద కంట్రోలర్‌తో వాయించేయొచ్చు కదా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. వాయించొచ్చు, చాలామంది వాయిస్తున్నారు. కాకపోతే ల్యాప్‌టాప్ ఆగిపోయిన రోజున మోగే ఇంకో వస్తువు పక్కన ఉండాలి. ఎంత చిన్నదైనా సరే, సొంత సౌండ్ ఉన్న కీబోర్డును కంట్రోలర్‌గా వాడండి.

## 6. స్టేజీ తీగలు: సగం సమస్యలు ఇక్కడే

ఎంత ఖరీదైన కీబోర్డయినా తప్పుడు తీగతో పలచగా, గుయ్యిమని మోగుతుంది.

చాలా కీబోర్డుల అవుట్‌పుట్ అన్‌బ్యాలెన్స్‌డ్, అంటే రొదను కొట్టేసే రెండో సిగ్నల్ తీగ లేనిది. అలాంటి కేబుల్ అయిదారు మీటర్లు దాటితే రొద పట్టుకుంటుంది. కాబట్టి కీబోర్డు నుంచి చిన్న కేబుల్‌తో డీఐ బాక్స్‌కు, అక్కణ్ణుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకు వాడే మూడు పిన్నుల) కేబుల్‌తో మిక్సర్‌కు వెళ్లాలి. కీబోర్డు సిగ్నల్ బలంగానే ఉంటుంది కాబట్టి నాణ్యమైన పాసివ్ డీఐ సరిపోతుంది. దానికి బయటి పవర్ అక్కర్లేదు. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ గ్రౌండ్‌ను విడదీసే) స్విచ్ ఉన్నదే కొనండి.

ఇక మోనో సంగతి. వేదికల్లో సౌండ్ చాలాసార్లు మోనోలోనే, అంటే ఎడమ కుడి తేడా లేని ఒకే చానల్‌లో, వెళ్తుంది. స్టీరియో పియానోను రెండు మైకులతో రికార్డు చేస్తారు. ఆ రెండూ ఒకటిగా కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హెడ్‌ఫోన్లలో నిండుగా ఉన్న పియానో స్పీకర్లలో డొల్లగా వినిపించడానికి కారణం ఇదే. స్టీరియో కోరస్‌లూ అంతే.

చేయాల్సినవి:

- మోనో ఇస్తున్నప్పుడు ఎడమ వైపు, మోనో అని రాసి ఉన్న జాక్ ఒక్కటే వాడండి. కుడి జాక్ ఖాళీగా ఉంచితే చాలా కీబోర్డులు రెండింటినీ అక్కడే కలిపి పంపుతాయి.
- కలిపి పంపినా కొట్టేసుకోవడం ఆగదు. మోనో కోసం చేసిన పియానో ప్యాచ్ ఉందేమో వెతికి, దాన్ని వాడండి.
- రిహార్సల్ కూడా మోనోలోనే చేయండి.

## 7. స్టూడియో కోసం: వరస మారుతుంది

ఇక్కడ మొదట చూడాల్సింది సౌండ్ ఇంజన్. మీ కాగితం మీద రాజీపడ్డ సౌండ్లు ఏ జాతివి? గంట మోగినట్టుండే సౌండ్లు, మెటాలిక్ ఎలక్ట్రిక్ పియానోలు, కరుకు బాస్‌లు కావాలంటే ఎఫ్ఎం (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించే పద్ధతి). కదులుతూ రూపం మార్చుకునే ప్యాడ్లకు వేవ్‌టేబుల్ (తరంగ రూపాల పట్టికలో జరుగుతూ పలికే పద్ధతి). వెచ్చని బాస్, బ్రాస్, లీడ్‌లకు ఎనలాగ్ లేదా వర్చువల్ ఎనలాగ్ (ఎనలాగ్‌ను డిజిటల్‌గా అనుకరించేది). అన్నీ కావాలంటే వర్క్‌స్టేషన్. అయితే అన్నీ ఉన్నదానిలో ఒక్కో దాని లోతుకు వెళ్లడానికి ఓపిక కావాలి. సౌండ్ మలచడం కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్కో పనికి ఒక్కో నాబ్ ఉన్న చిన్న సింథ్‌తో మొదలుపెడితే త్వరగా చేతికొస్తుంది.

రెండోది, కంప్యూటర్‌తో పొత్తు. యూఎస్‌బీ మీద మిడి మాత్రమేనా, ఆడియో కూడానా? ఆడియో వెళ్తే ఎన్ని చానళ్లు? శాంపిల్ రేటు (సెకనుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) ఎంత? మోడ్‌ఎక్స్ యూఎస్‌బీ ఆడియో 44.1 కిలోహెర్ట్జ్‌లోనే నడుస్తుంది. మీ ప్రాజెక్టులన్నీ 48లో ఉంటే ఇంటర్‌ఫేస్ ద్వారా మామూలు కేబుల్‌తో రికార్డు చేసుకోవాలి. అది తప్పేం కాదు, ముందే తెలిసి ఉండాలంతే.

మూడోది, జ్ఞాపకం. సాఫ్ట్‌వేర్ సింథ్ సెట్టింగులు ప్రాజెక్టుతో పాటే సేవ్ అవుతాయి. హార్డ్‌వేర్‌వి కావు. ప్యాచ్ మెమరీ లేని ఎనలాగ్ సింథ్ అయితే నాబ్‌లను ఫోటో తీసుకోవడం ఒక్కటే దారి. కంప్యూటర్‌లో ప్యాచ్‌లు సర్దుకునే ఎడిటర్ ఉంటే అది గొప్ప సదుపాయం.

నాలుగోది, నిశ్శబ్దం. ఏ నోటూ నొక్కకుండా గెయిన్ పెంచి వినండి. స్టేజీ మీద ఎవరికీ వినబడని బుస రికార్డింగ్‌లో పది ట్రాకులు కలిసేసరికి పైకి తేలుతుంది. కొన్నింటిలో స్క్రీన్ నుంచి, యూఎస్‌బీ నుంచి సన్నని కీచు కూడా వస్తుంది.

లేటెన్సీ (కీ నొక్కాక సౌండ్ వినబడేదాకా పట్టే ఆలస్యం) గురించి భయం ఎక్కువ, లెక్క తక్కువ. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే సౌండ్) అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. 44.1లో 512 అంటే 11.6. లోపలికి, బయటికి కలిపి ఇంకొంత చేరుతుంది. గాలిలో శబ్దం ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, స్పీకరుకు మూడు మీటర్ల దూరంలో కూర్చున్నా 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ సౌండ్ వాయించేటప్పుడు 128, మిక్సింగ్‌లో 512 పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. హార్డ్‌వేర్ సింథ్‌ను ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్‌తో (కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా) వింటే ఈ గొడవే లేదు.

## 8. షాపులో పరీక్ష: ఒక క్రమం

మీ హెడ్‌ఫోన్లు, మీ పాటల జాబితా, ల్యాప్‌టాప్ వెంట ఉండాలి. డెమో బటన్ నొక్కొద్దు. అది అమ్మేవాళ్ల కోసం పెట్టింది.

1. ఆఫ్ చేసి ఆన్ చేయండి. సమయం కొలవండి.
2. పియానో సౌండ్ పెట్టి రివర్బ్, ఎఫెక్టులన్నీ ఆపేయండి. ఉత్త సౌండ్ వినండి. షాపులో మైమరపించేది తొంభై శాతం రివర్బే.
3. ఒకే నోటును అతి మెల్లగా మొదలుపెట్టి గట్టిగా కొట్టేదాకా వెళ్లండి. మధ్యలో సౌండ్ మెట్లు మెట్లుగా మారుతోందా, సాఫీగా పెరుగుతోందా?
4. అదే నోటును వేగంగా మళ్లీ మళ్లీ కొట్టండి.
5. నల్ల కీలను వెనక అంచు దగ్గర నొక్కండి. చవక కీబెడ్‌లు ఇక్కడే దొరికిపోతాయి.
6. పెడల్ నొక్కి ప్యాడ్ పట్టుకుని ప్రోగ్రాం మార్చండి.
7. మీ జాబితాలోంచి ఒక స్ప్లిట్‌ను మాన్యువల్ లేకుండా తయారుచేసి సేవ్ చేయండి. పది నిమిషాల్లో చేయలేకపోతే ఆ మెనూలతో మీకు పొసగదు.
8. స్పీకరుకు మోనోలో కలిపి వినండి.
9. నిలబడి వాయించండి. స్టూడియో కోసమైతే కూర్చుని, ల్యాప్‌టాప్‌కు కలిపి ఒక నిమిషం రికార్డు చేయండి.

ఒకే రోజున మూడు మోడళ్ల కంటే ఎక్కువ చూడకండి. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి చెవి తీర్పు చెప్పడం మానేస్తుంది, గట్టిగా మోగిందే బాగున్నట్టు అనిపిస్తుంది. వీలైతే అన్నిటి వాల్యూమ్ సమానంగా పెట్టించండి.

## 9. సెకండ్‌హ్యాండ్ అయితే

ప్రతి కీనీ ఒక్కొక్కటిగా మూడు బలాలతో నొక్కండి. ఒక్కో కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది, రెండోది తగలడానికి మధ్య పట్టిన సమయాన్ని బట్టే వెలాసిటీ (ఎంత బలంగా కొట్టామన్నది) తెలుస్తుంది. ఒకటి దుమ్ముపట్టినా అరిగినా ఆ నోటు పూర్తి బలంతో మోగుతుంది, లేదా అసలు మోగదు. శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది. కానీ ఆ ఖర్చును ధరలోంచి తగ్గించుకోవాలి.

ఇంకా చూడాల్సినవి:

- నాబ్‌లు, స్లైడర్లు తిప్పినప్పుడు కరకర శబ్దం
- జాక్‌ల దగ్గర కేబుల్ కదిపితే సౌండ్ పోవడం
- పిచ్ బెండ్ వదిలాక సరిగ్గా మధ్యకు రావడం
- డీఎక్స్7, ఎం1, డీ-50 లాంటి పాత వాటిలో లోపలి బ్యాటరీ. అది అయిపోతే సేవ్ చేసిన సౌండ్లు పోతాయి. మార్చేముందు బ్యాకప్ తీయాలి
- రోలాండ్ జేడీ-800లో కీల బరువులను అతికించిన ఎర్ర జిగురు కాలక్రమంలో కరిగి కారుతుంది. శుభ్రం చేశారా అని అడగండి

అరగంట ఆన్‌లో ఉంచి చూడండి. వేడెక్కాక బయటపడే జబ్బులు మొదటి అయిదు నిమిషాల్లో కనబడవు.

## 10. తరచూ వచ్చే చిక్కులు, వాటి మందులు

పెడల్ తిరగేసి పనిచేస్తోంది. కాలు తీస్తే సస్టెయిన్ అవుతోందంటే పెడల్ పోలారిటీ వేరు. కంపెనీకీ కంపెనీకీ ఇది మారుతుంది. పెడల్‌ను ముందే గుచ్చి, కాలు పెట్టకుండా కీబోర్డు ఆన్ చేయండి. చాలా కీబోర్డులు ఆ క్షణంలోనే పోలారిటీని గుర్తిస్తాయి. స్టేజీకి పోలారిటీ స్విచ్ ఉన్న పెడల్ కొంటే ఏ కీబోర్డుకైనా పనికొస్తుంది.

కంప్యూటర్‌కు కలపగానే నోట్లు రెండేసి మోగుతున్నాయి. కీబోర్డు తన నోటు తను వాయిస్తోంది, సాఫ్ట్‌వేర్ తిరిగి పంపిన నోటునూ వాయిస్తోంది. లోకల్ కంట్రోల్ (కీలు నేరుగా లోపలి సౌండ్‌ను మోగించే సెట్టింగ్) ఆఫ్ చేయండి. స్టేజీకి బయల్దేరేముందు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతే కీలు నొక్కినా సౌండ్ రాదు.

ల్యాప్‌టాప్ కలిపితే గుయ్యిమంటోంది. చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారులు కలిసి పుట్టే రొద). డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ వేయండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును మాత్రం ఎప్పుడూ విరవొద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

బ్యాండ్ మొదలవగానే పియానో మాయం. వాల్యూమ్ పెంచకండి. రివర్బ్ తగ్గించండి, 150 నుంచి 200 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేయండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచండి. ఎడమ చేతిని బాస్ గిటారు దారిలోంచి తప్పించండి. ఇంట్లో ఒంటరిగా వింటే ఈ సౌండ్ పేలవంగా ఉంటుంది. బ్యాండ్‌లో సరిపోయేది అదే.

అందరికంటే శ్రుతి తేడాగా ఉంది. ముందు ట్రాన్స్‌పోజ్ (శ్రుతిని మెట్లవారీగా మార్చే సెట్టింగ్) చూడండి, తర్వాత మాస్టర్ ట్యూనింగ్. 440 హెర్ట్జ్ ఉండాల్సిన చోట 442 ఉండొచ్చు. స్టూడియోలో రికార్డయినది దాదాపు ఒకటిన్నర సెమీటోన్ (పక్క పక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్) పైకి పోయిందంటే 44.1లో రికార్డయినదాన్ని మార్చకుండా 48లో ప్లే చేస్తున్నారని అర్థం.

ఒక సౌండ్ చెవులు చిల్లులు పడేలా, ఇంకోటి వినబడకుండా. అన్ని ప్యాచ్‌ల వాల్యూమ్ సమానం చేయలేదు. హెడ్‌ఫోన్లలో కాదు, స్పీకర్లలో, స్టేజీకి దగ్గరి వాల్యూమ్‌లో సరిచేయాలి. లీడ్ ప్యాచ్‌లు కొంచెం పైన ఉంచండి.

నోటు ఆగకుండా మోగుతూనే ఉంది. ప్యానిక్ బటన్ (మోగుతున్న నోట్లన్నిటినీ ఆపేది) నొక్కండి. అది ఎక్కడుందో కొన్న రోజే చూసి పెట్టుకోండి.

## 11. తెచ్చుకున్నాక మొదటి వారం

ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే ఇప్పుడే చేసేయండి. కార్యక్రమానికి వారం ముందు నుంచి దాని జోలికి పోవద్దు.

కంపెనీ సౌండ్లతో సహా మొత్తం ఒక బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఆ పెన్‌డ్రైవ్ నుంచి తిరిగి లోడ్ అవుతుందో లేదో ఒకసారి చేసి చూడండి. చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

స్టేజీ వాళ్లు పాటల వరుస తయారుచేసుకుని, ఎఫెక్టులు తగ్గించి, మొత్తం కార్యక్రమాన్ని ఒకసారి నిలబడి, మోనో స్పీకర్‌లో వాయించాలి. బ్యాగులో ఉండాల్సినవి: రెండో పెడల్, రెండేసి కేబుళ్లు, డీఐ, అదనపు అడాప్టర్, బ్యాకప్ పెన్‌డ్రైవ్, చిన్న టార్చి. అడాప్టర్ల మీద ఏది దేనిదో పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. వోల్టేజీ ఒకటే ఉన్నా పోలారిటీ వేరయితే కీబోర్డు పాడవుతుంది.

స్టూడియో వాళ్లు ప్రతి భాగాన్నీ మిడిగానూ, ఆడియోగానూ రెండుసార్లు ఉంచుకోవాలి. మిడి ఉంటే తర్వాత నోటు సరిదిద్దవచ్చు. ఆడియో ఉంటే సింథ్ చేతిలో లేకపోయినా పాట పూర్తవుతుంది. ట్రాకు పేరులోనే ప్యాచ్ పేరు, నంబరు రాయండి. ఎనలాగ్ సింథ్ అయితే ఆన్ చేశాక ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆటో ట్యూన్ సదుపాయం ఉంటే అది నడిపి, ఆ తర్వాతే రికార్డు బటన్ నొక్కండి.